సంపు తవ్వితే ఎన్ని టన్నుల మట్టి వస్తుంది? ట్రాక్టర్ పిలిచే ముందే లెక్కేసుకోండి

మా సంపు గుంత 10 అడుగుల పొడవు, 8 వెడల్పు, 7 లోతు. అంటే 560 సీఎఫ్‌టీ (ఘనపు అడుగులు). ట్రాలీకి వంద పడుతుంది కాబట్టి ఆరు ట్రిప్పులు చాలనుకున్నాం, తీరా ఆరోది వెళ్లాక చూస్తే గేటు పక్కన ఇంకో ట్రాలీ నిండేంత కుప్ప అలాగే ఉంది. ట్రాక్టరాయన మోసం చేస్తున్నాడేమోనని నాకు అనుమానం కూడా వచ్చింది, పాపం ఆయన తప్పేం లేదు.

తవ్విన మట్టి పొంగుతుంది, అంతే. గట్టిగా అణిగి ఉన్న నేలని జేసీబీ పెళ్లగించగానే మధ్యలో గాలి చేరి మామూలు మట్టి పావు వంతు దాకా పెరుగుతుంది, బండ పగలగొడితే సగం పైనే. మా 560 కాస్తా 700 అయింది, అంటే ఏడు ట్రాలీలు. బరువు మాత్రం పెరగదు. అందుకే ట్రిప్పులు లెక్కేసేటప్పుడు పొంగిన కొలత, గుంత కొలత మీద టన్నులు లెక్కేసేటప్పుడు అణిగి ఉన్న మట్టి బరువు తీసుకోవాలి. ఈ రెండూ కలిపేస్తేనే తంటా: పొంగిన 700ని, అణిగిన మట్టికి సీఎఫ్‌టీకి ఉండే 50 కేజీలతో గుణిస్తే 35 టన్నులు వస్తాయి, అసలు బరువు 28 టన్నులే.

సీఎఫ్‌టీకి ఎన్ని కేజీలంటే, కాస్త తేమ ఉన్న ఎర్రమట్టి నేలలో ఉన్నప్పుడు 50 వరకు, తవ్వి పోశాక 40 వరకు ఉంటుంది. తడిసిన నల్లరేగడి అయితే నేలలో 55 కూడా దాటొచ్చు. కానీ నా మాట నమ్మకండి, మీ మట్టిని మీరే తూచుకోండి. 20 లీటర్ల ఖాళీ పెయింట్ బకెట్‌లో తవ్విన మట్టిని కుక్కకుండా అంచు దాకా నింపి, పాత ఇనుము కొట్టులో కాటా మీద పెట్టి, బకెట్ బరువు తీసేసి 1.4తో గుణించండి. మాకు 28 కేజీలు తూగింది, అంటే సీఎఫ్‌టీకి దాదాపు 40.

టిప్పర్ పిలిస్తే ఇంకో సంగతి చూసుకోవాలి. బండి ఆర్‌సీలో ఖాళీ బరువు, లోడుతో కలిపి అనుమతించే బరువు రెండూ ఉంటాయి, ఆ తేడా వరకే మట్టి వేయాలి. పది చక్రాల టిప్పర్‌కి మొత్తం 28.5 టన్నులు, ఖాళీ బండి 11 అనుకుంటే మిగిలేది 17.5, అంటే సీఎఫ్‌టీకి 40 కేజీలుండే మట్టి 435 సీఎఫ్‌టీ వరకే. బాడీలో చోటుంది కదా అని పైదాకా నింపితే ఓవర్‌లోడే. రాత్రి వాన పడి అదే మట్టి 50 కేజీలకి చేరితే 350కే ఆపేయాలి, కాబట్టి మబ్బు పట్టిందంటే కుప్ప మీద టార్పాలిన్ కప్పేయండి.

మట్టిలో ఇటుక ముక్కలు, కాంక్రీటు పెళ్లలు కలవనివ్వకండి. శుభ్రమైన మట్టి అయితే పక్క వీధిలో బేస్‌మెంట్ నింపుకునేవాళ్లే తీసుకెళ్తారు, కలిసిందంటే ఎవరూ ముట్టుకోరు. హైదరాబాద్‌లో కట్టడాల వ్యర్థాలకి జీడిమెట్ల, ఫతుల్లగూడల్లో ప్లాంట్లున్నాయి. రాత్రిపూట నాలాలోనో చెరువు గట్టునో పోసి వచ్చేస్తామనే బండివాళ్లకి మాత్రం ఒప్పుకోకండి.

ఇంకోటి, మొత్తం పంపేయకండి. సంపు గోడలు లేచాక చుట్టూ సందు పూడ్చాలి కదా, మేం ఆ సంగతి మర్చిపోయి, ఊరికే పంపేసిన మట్టినే ఒక ట్రాలీ డబ్బులిచ్చి మళ్లీ తెప్పించుకున్నాం.