ఇంట్లనే లెక్కలు, కోడింగు – 5వ పాఠం: త్రిభుజానికి 60 పెడితే ఎందుకు కుదరలే?

పోయిన పాఠంల స్క్రాచ్‌ల, అంటే బ్లాకులు పేర్చి తెర మీద పిల్లిని నడిపించే కోడింగు ప్రోగ్రాంల, చతురస్రం గీసినం కదా, 100 అడుగులు ముందుకు, 90 డిగ్రీలు కుడికి, దీన్నే నాలుగుసార్లు రిపీట్. ఇయ్యాల త్రిభుజం. ముందే జవాబు చెప్పకండి, అంకె పిల్లలనే పెట్టనీయండి. నాలుగు, ఐదు చదివే పిల్లలకు ఇది సరిపోతది, మూడో తరగతి పిల్లలుంటే కింద గడియారం ముచ్చట ఉంది, వాళ్లకు అది ఒక్కటి చాలు.

మా అక్క బిడ్డ ఐదో తరగతి, దేవరకొండ దిక్కు ఊర్ల ఉంటరు, సెలవులకు వచ్చినప్పుడు దానితోని చేపిచ్చిన. మూడు భుజాలు సమానమైతే ఒక్కొక్క మూల 60 డిగ్రీలు అని దానికి ఎవరో చెప్పిండ్రంట, టకటకా రిపీట్ 3, ముందుకు 100, తిరుగు 60 అని పెట్టింది. పిల్లి మూడు గీతలు గీసి ఆగిపోయింది, త్రిభుజం కాలే, కొడవలి లెక్క వంగి మధ్యల తెరుచుకోని ఉంది. పిల్ల మొఖం చిన్నబోయింది. నేను కూడా మొదటిసారి 60 ఏ పెట్టిన కాబట్టి దాని బాధ నాకు అర్థమైంది. అప్పుడు 3 తీసి 6 పెట్టి చూడమన్న. తేనెపట్టు గడి లెక్క ఆరు మూలలది మంచిగ మూసుకపోయింది. తప్పు అనుకున్న అంకె ఇంకో బొమ్మకు కరెక్ట్ అంకె అన్నట్టు. పిల్లలు తప్పు చేసినప్పుడు వెంటనే దిద్దకుండ, మరి ఇది దేనికి సరిపోతదో చూద్దాం అని అనండి, ఈ పాఠంల నేను అన్నిటికన్న గట్టిగ చెప్పాలనుకున్నది ఇదే.

ఇగ 60 ఎందుకు కుదరలేదో వాకిట్ల చూద్దాం, ల్యాప్‌టాప్ మూసెయ్యండి. చాక్‌పీసుతోని గాని ముగ్గుపిండితోని గాని పెద్ద త్రిభుజం గీయండి, ఒక్కో గీత పిల్లల అడుగులతోని పది అడుగులు ఉంటె చాలు. పిల్ల చేతికి చీపురుపుల్ల ఇచ్చి ఛాతికి ఆనిచ్చి ముక్కుసూటిగ ముందుకు పట్టుకోమనండి. గీత మీద నడుచుకుంట మొదటి మూల కాడికి రాగానే ఆపండి. ఇప్పుడు అడగండి, నువ్వు తిరగకుంట పోతే యాడికి పోతవు? పుల్ల ఎటు చూస్తుందో ఆ గీతను చాక్‌పీసుతోని చుక్కలు చుక్కలుగ ముందుకు పొడిగించండి. ఆ చుక్కల గీత నుంచి పుల్లను రెండో గీత మీదికి తిప్పమనండి. ఎంత తిరిగిందో చూడండి, 90 కన్న ఎక్కువనే ఉంటది. 60 అనేది త్రిభుజం లోపల ఉన్న మూల, పిల్లి తిరగాల్సింది బయట.

ఇది అర్థంకాని పిల్లలకు బైక్ ముచ్చట చెప్పండి. సాగర్ రోడ్డు మీద సీదా పోతున్నం అనుకో, హ్యాండిల్ తిప్పేది ఏమీ లేదు, సున్న, కానీ రోడ్డు ఇటు అటు కలిపి 180 డిగ్రీల గీత. అదే యూటర్న్ కొట్టి వచ్చిన తొవ్వనే వెనక్కి పోతే రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డయి కాబట్టి మూల సున్న, కానీ మనం తిరిగింది 180. మూల పెద్దగైతే తిరుగుడు తక్కువ, మూల చిన్నగైతే తిరుగుడు ఎక్కువ, రెండూ కలిపితే ఎప్పుడూ 180. మరి మూల 60 అయితే తిరుగుడు ఎంత? ఇక్కడ ఆగండి, తీసివేత పిల్లలనే చెయ్యనీయండి. 120 అని వాళ్ల నోటి నుంచే రావాలె.

దీనికి ఇంకో దారి ఉంది, నాకు ఇదే ఎక్కువ ఇష్టం. పిల్లను వేపచెట్టు దిక్కు మొఖం పెట్టి మొదలుపెట్టమనండి, మూడు మూలలు తిరిగి మళ్ల మొదటి జాగలకు వచ్చి ఆఖరి తిరుగుడు కూడా అయినంక మొఖం ఎటుంది? మళ్ల వేపచెట్టు దిక్కే. అంటే పూర్తిగ ఒక్క చుట్టు తిరిగింది, 360. మూడు మూలల కాడ సమానంగ తిరిగితే 360 ని ముగ్గురికి పంచినట్టు, 120. నాలుగైతే 90. కోడింగు అంటరు గని ఇక్కడ జరిగేది భాగహారమే, పిల్లలకు భాగహారం ఎందుకు నేర్చుకుంటున్నమో కనబడేది ఇట్లాంటి కాడనే.

మూడో తరగతి పిల్లలకు డిగ్రీలు వద్దు. నేల మీద పెద్ద గడియారం గీసి అంకెల కాడ 12 చింతగింజలు పెట్టండి. నల్లగొండ క్లాక్ టవర్ చూసిన పిల్లలైతే అదే గుర్తుచెయ్యండి. 12 నుంచి 4 కి, 4 నుంచి 8 కి, 8 నుంచి మళ్ల 12 కి దారం పట్టుకుంటె త్రిభుజం. మూడు మూడు దూకితే చతురస్రం, రెండు రెండు దూకితే తేనెపట్టు గడి. నాలుగో ఎక్కం, మూడో ఎక్కం, రెండో ఎక్కం బొమ్మలైపోయినయి. ఐదు మూలలు అడిగితే 12 గింజలు ఐదుగురికి సమానంగ రావు, అప్పుడు నిమిషాల ముల్లు పట్టుకోండి, 60 నిమిషాలను ఐదుగురికి పంచితే 12. ఒక్క నిమిషానికి ముల్లు 6 డిగ్రీలు తిరుగుతది కాబట్టి 72. పెద్ద పిల్లలైతే 360 ని 300, 60 గ విడగొట్టి పంచుకుంటరు, 60, 12, మొత్తం 72. ఎనిమిది మూలలకు సగం చేసుకుంట పోవుడే, 180, 90, 45.

ఇప్పుడు ల్యాప్‌టాప్ తెరవండి. స్క్రాచ్‌ల గీతలు పడాలంటే కింద ఎడమ మూల కాడ ఉన్న గుర్తు నొక్కి పెన్ అనేది కలుపుకోవాలె, లేకపోతే పిల్లి నడుస్తది గని గీత పడదు. బ్లాకులు ఈ వరుసల పెట్టండి:

జెండా నొక్కినప్పుడు
పెన్ ఎత్తు, గీసినవన్నీ చెరుపు
ఎక్స్ -50, వై 150 కు పో
90 దిక్కుకు తిరుగు
పెన్ కిందికి దించు
3 సార్లు రిపీట్: ముందుకు 100, కుడికి 120, 1 సెకను ఆగు

ఆ 1 సెకను ఆగుడు మర్చిపోవద్దు, లేకపోతే రెప్పపాటుల గీసేస్తది, పిల్లకు ఏం జరిగిందో కనబడదు. పిల్లి సైజు 30 చేస్తే గీతకు అడ్డం రాదు. స్క్రాచ్ స్టేజి అడ్డం 480, నిలువు 360 మాత్రమే, మధ్యల నుంచి మొదలుపెడితే ఎనిమిది మూలల బొమ్మ కింద అంచుకు తగులుతది, అందుకే పైన 150 కాడ మొదలుపెట్టించిన. నెట్ సరిగ్గ రాని ఊర్లల్ల ఆఫ్‌లైన్ యాప్ ఒక్కసారి దింపుకుంటె చాలు. చిన్న ఫోన్ల మాత్రం బ్లాకులు పెట్టుడు కుదరదు, ల్యాప్‌టాప్ గాని ట్యాబ్ గాని కావాలె. అవి లేనోళ్లు బాధపడకండి, వాకిట్ల చేసిందే అసలు పాఠం. 1967ల, అంటే మన సాగర్ కాలువలకు నీళ్లు వదిలిన సంవత్సరమే, సీమూర్ పాపర్ట్, సింథియా సాలొమన్ వాళ్లు పిల్లల కోసం లోగో అనే కోడింగు భాష తయారుచేసిండ్రు, తర్వాత దానిల మన పిల్లి లెక్కనే గీతలు గీసే ఒక తాబేలు వచ్చింది, ఆ తాబేలు జాగల తనను తాను పెట్టుకోని నడిచి చూసుకునుడే పిల్లలకు నేర్పేటోళ్లు.

మూడు నుంచి పది దాక అన్నీ చేపియ్యండి, ఏడు ఒక్కటి ఆఖరుకు పెట్టుకోండి. 1 నుంచి 10 దాక అంకెలల్ల 360 ని శేషం లేకుండ భాగించనిది ఏడు ఒక్కటే. ఏడు యాభైఒకట్లు 357, శేషం 3. పిల్లలు 51 పెట్టి జెండా నొక్కినంక ఆఖరి మూలను బాగ దగ్గరికి చూడమనండి, చిన్న సందు ఉంటది, పిల్లి కూడా కొంచెం పక్కకు ఒరిగి ఆగుతది. నోటుబుక్కుల ఒక మూలకు రాసి మర్చిపోయే శేషం అక్కడ కండ్లకు కనబడుతది. మా పిల్ల ఆ సందును వేలుతోని చూపిచ్చి "ఇది నా మూడు" అన్నది. సందు పోవాలంటే 51 తీసి ఆకుపచ్చ బ్లాకుల నుంచి భాగహారం గుర్తు తెచ్చి 360 భాగించు 7 అని అట్లనే పెట్టండి.

వచ్చే పాఠానికి ఒక పని. రిపీట్ 5, తిరుగు 144 పెట్టి ఏం వస్తదో చూడమనండి. 144 ని ఐదుసార్లు కలిపితే 360 రాదు, మరి బొమ్మ ఎట్ల మూసుకపోయింది? జవాబు చెప్పకుండ అదే బొమ్మను వాకిట్ల గీసి పుల్ల పట్టుకోని నడవమనండి, నడిచేటప్పుడు పుల్ల వేపచెట్టు దిక్కు మీదికి మళ్ల ఎన్నిసార్లు వచ్చిందో లెక్కబెట్టమనండి.