పడవ ఇరుకు మూలల్లో ఎపాక్సీ పేస్టు పెట్టే ముందు

ఎపాక్సీ అంటే రెసిన్, హార్డనర్ (దాన్ని గట్టిపరిచేది) అనే రెండు ద్రవాలు కలిపి వాడే జిగురు. దానికి పొడి కలిపి చిక్కగా చేసిన పేస్టు చాలాసార్లు చెడేది కలిపే చోట కాదు, పెట్టే చోట. మోచేయి మడిచే వీలు కూడా లేని పడవ అడుగున, హల్‌కూ (పడవ బయటి గోడ) బల్క్‌హెడ్‌కూ (లోపలి అడ్డగోడ) మధ్య సందులో పడుకుని పెట్టాలంటే చెయ్యి వణుకుతుంది, ఎపాక్సీ కలిపిన కప్పేమో వేడెక్కుతూ ఉంటుంది. అందుకే రెసిన్ డబ్బా మూత తీయక ముందే ఒక రిహార్సల్ చేయండి. ఖాళీ కప్పు పట్టుకుని లోపలికి దూరండి. చెయ్యి అందుతుందా, లైటు ఎక్కడ పెట్టాలి, తుడిచిన గుడ్డ ఎక్కడ వేయాలి, వెనక్కి ఎలా రావాలి, అన్నీ చూసుకోండి. కంటికి కనబడని మూలకి చిన్న అద్దం పట్టుకెళ్లండి.

నేను మొదటిసారి ఇదేమీ చేయలేదు. ఒకేసారి పెద్ద కప్పు నిండా కలుపుకుని లోపలికి దూరాను. సగం పని కాకముందే కప్పు పొగలు కక్కింది, ప్లాస్టిక్ మెత్తబడింది. దాన్ని బయటకి చేర్చేసరికి నా టెన్షన్ చెప్పనలవి కాదు.

కారణం ఇది: రెసిన్, హార్డనర్ కలిస్తే వేడి పుడుతుంది. కప్పులో ముద్దగా ఉంటే ఆ వేడి బయటకి పోదు, వేడి పెరిగిన కొద్దీ ఇంకా తొందరగా గట్టిపడుతుంది. పల్చగా పరిస్తే ఆ బాధ తక్కువ. కాబట్టి కొంచెం కొంచెం కలపండి, నెమ్మదిగా గట్టిపడే హార్డనర్ వాడండి, వెడల్పాటి ట్రేలో పోసుకోండి. లోతైన సందుని ఒక్కసారే నింపకుండా పొరలుగా నింపండి. కప్పు వేడెక్కితే దాన్ని వెంటనే బయటకి తెచ్చి, కాలే వస్తువులకి దూరంగా నేల మీద పెట్టండి. చెత్తబుట్టలో మాత్రం వేయకండి.

తొందరగా ఆరాలని హార్డనర్ ఎక్కువ పోసేవాళ్లున్నారు. పాలిస్టర్‌ రెసిన్‌తో అలా సర్దుబాటు చేయొచ్చేమో గానీ ఎపాక్సీతో కుదరదు. డబ్బా మీద రాసిన పాళ్లు తప్పితే అది ఎప్పటికీ సరిగా గట్టిపడదు. రెసిన్, హార్డనర్ బాగా కలిశాకే, చిక్కబడడానికి సిలికా పొడి వేయండి. ఆ పొడి మహా తేలిక, గాలిలోకి లేస్తుంది. అందుకని బయట, మాస్కు పెట్టుకుని కలపాలి.

పేస్టుకి ముందు పొడి కలపని ఎపాక్సీని అతుకు మీద బ్రష్‌తో రాయండి. ఎండిన చెక్క పేస్టులోని రెసిన్‌ని పీల్చేసుకుంటే అతుకు బలహీనపడుతుంది. తర్వాత పేస్టుని జిప్ కవర్లో నింపి మూల కత్తిరించి పిండితే, వేలు పట్టని సందులోకి కూడా వెళ్తుంది. ఇంకా ఇరుకైతే ముక్కు కొంచెం కోసిన ప్లాస్టిక్ సిరంజి. నున్నగా చేయడానికి గుండ్రటి చివరున్న పుల్ల చాలు. ఎక్కువైనదాన్ని మెత్తగా ఉన్నప్పుడే తీసేయండి. గట్టిపడ్డాక ఆ మూలలో గీకడం నరకం.

ఎపాక్సీకి వాసన తక్కువ, అందుకే అందరూ తేలిగ్గా తీసుకుంటారు. చర్మానికి మళ్లీ మళ్లీ తగిలితే అలర్జీ రావొచ్చు. ఒకసారి వచ్చాక కొంచెం తగిలినా దద్దుర్లు, దురద. నైట్రైల్ గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా, కళ్లద్దాలు తప్పనిసరి. పైకి చూస్తూ పని చేస్తే ముఖం మీద చుక్క పడేది ఖాయం. చర్మానికి అంటితే గుడ్డతో తుడిచి సబ్బు నీళ్లతో కడుక్కోండి. థిన్నర్, అసిటోన్ రాయకండి, అవి దాన్ని చర్మంలోకి ఇంకా తోస్తాయి.

లోపల శుభ్రం చేయడానికి అసిటోన్ వాడాల్సి వస్తే మరింత జాగ్రత్త. దాని ఆవిరి గాలికన్నా బరువు, పడవ అడుగునే పేరుకుంటుంది, నిప్పురవ్వకి అంటుకుంటుంది. నిప్పు రాజేసే ఏ పరికరమూ అక్కడ ఉండకూడదు. తాజా గాలి లోపలికి వచ్చేలా ఫ్యాను బయటే పెట్టండి. తగిన ఫిల్టరున్న మాస్కు కూడా కావాలి. బయట ఒక మనిషి ఉండి, అప్పుడప్పుడు పిలుస్తూ ఉండాలి. తల తిరిగినట్టు అనిపిస్తే, సగంలో ఉన్నా సరే, ముందు బయటకి వచ్చేయండి.