మెడికల్ స్కూల్ ఇంటర్వ్యూ అయ్యాక సీటు ఎలా తేలుతుంది? ఈలోగా మీరు ఏం చేయాలి?

అమెరికాలో ఎండీ (అక్కడ డాక్టర్ కావడానికి చదివే మొదటి వైద్య డిగ్రీ) సీటు కోసం ఇంటర్వ్యూ ఇచ్చి వచ్చాకే చాలామందికి అసలు టెన్షన్ మొదలవుతుంది. మాట్లాడినాయన నవ్వుతూ పంపించారు, అంతా బాగానే జరిగిందనిపించింది, అయినా వారాల తరబడి కబురుండదు. మీతో మాట్లాడినవారు తమ అభిప్రాయం రాసి ఇస్తారు. సీటు ఇవ్వాలో వద్దో తేల్చేది ఆ స్కూలు అడ్మిషన్స్ కమిటీ. ఆ గదిలో ఏం జరుగుతుందో తెలిస్తే, ఈ ఖాళీ రోజుల్లో ఏ పనికి విలువ ఉందో మీకే అర్థమవుతుంది.

1. ఇంటర్వ్యూ రోజు రాత్రే అంతా రాసిపెట్టుకోండి

ఎవరు ఏం అడిగారు, మీరేం చెప్పారు, ఆ స్కూల్లో మీకు నిజంగా నచ్చినదేమిటి అన్నవి రాసుకోండి. నాలుగు ఇంటర్వ్యూలయ్యేసరికి అన్నీ కలగాపులగమైపోతాయి. తర్వాత రాయబోయే ఉత్తరాలకు ఈ కాగితమే ఆధారం. స్కూల్ వద్దని చెప్పకపోతే రెండు మూడు వాక్యాల్లో కృతజ్ఞతలు తెలుపుతూ మెయిల్ పెట్టండి. దానివల్ల సీటు రాదు, కానీ అది మర్యాద.

2. కమిటీ దేన్ని చూస్తుందో తెలుసుకోండి

ఎండీ కోర్సులకు గుర్తింపునిచ్చే ఎల్‌సీఎంఈ నిబంధనల ప్రకారం విద్యార్థుల ఎంపిక బాధ్యత అడ్మిషన్స్ కమిటీదే. ఓటు వేసేవారిలో ఎక్కువమంది అధ్యాపకులై ఉండాలి. రాజకీయ ఒత్తిడి, డబ్బు ప్రభావం ఎంపిక మీద పడకూడదు. కాబట్టి తెలిసినవాళ్ల చేత ఫోన్లు చేయించకండి. దాంతో ఒరిగేదేమీ ఉండదు, పైగా మీ పేరే చెడుతుంది.

పద్ధతి స్కూల్‌ను బట్టి మారుతుంది. కొన్నిచోట్ల ఒక సభ్యుడు మీ ఫైల్ చదివి మిగతావారికి వివరిస్తారు, చర్చ తర్వాత ఓటింగ్ జరుగుతుంది. కొన్నిచోట్ల ప్రతి సభ్యుడూ మార్కులు వేస్తే సగటు తీసి ర్యాంకు ఇస్తారు. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో పుట్టిన ఎంఎంఐ (స్టేషన్లనే వేర్వేరు చోట్ల వరుసగా జరిగే చిన్న చిన్న ఇంటర్వ్యూలు) పద్ధతిలోనైతే ఒక్కో స్టేషన్‌లో ఒక్కొక్కరు విడివిడిగా స్కోరు వేస్తారు. అందుకే ఒకచోట తడబడినంత మాత్రాన కథ ముగిసిపోదు.

మిమ్మల్ని ఇంటర్వ్యూ దాకా తెచ్చినవి ఎక్కువగా జీపీఏ (కాలేజీ గ్రేడ్ల సగటు), ఎంక్యాట్ (మెడికల్ ప్రవేశ పరీక్ష) మార్కులే. అక్కడి నుంచి బరువు మారుతుంది. ఇంటర్వ్యూ రిపోర్టు, సిఫార్సు లేఖలు, మీ అనుభవాలు ముందుకొస్తాయి. రిపోర్టులో ఇలాంటి వాక్యం ఉందనుకోండి: ‘రీసెర్చ్ గురించి చక్కగా చెప్పాడు. అందులో నువ్వు స్వయంగా చేసిందేమిటని అడిగితే మాట దాటేశాడు.’ మార్కులు ఎంత బాగున్నా చర్చ అక్కడే ఆగుతుంది. ‘ఫలితం తప్పొచ్చిందని తనే గుర్తించి ప్రొఫెసర్‌కు చెప్పాడట’ అని ఉంటే, ఫైల్ వివరించే సభ్యుడికి మీ తరఫున వాదించడానికి ఒక ఆధారం దొరికినట్టే. రిసెప్షన్‌లో ఉన్నవారితో, క్యాంపస్ తిప్పి చూపించిన సీనియర్లతో మీరు మెలిగిన తీరు కూడా కమిటీ దాకా వెళ్లవచ్చు.

మీ చేతిలో లేనివీ ఉన్నాయి. ప్రభుత్వ యూనివర్సిటీలు చాలావరకు సొంత రాష్ట్రం వారికే పెద్దపీట వేస్తాయి. గ్రామీణ వైద్యం మీద దృష్టి పెట్టే స్కూలు ఒకరిని కోరుకుంటే, పరిశోధన ప్రధానమైన స్కూలు ఇంకొకరిని కోరుకుంటుంది. ‘నాలో ఏదో లోపముంది’ అని కుమిలిపోయే పిల్లలకు తల్లిదండ్రులు ఈ సంగతి తప్పకుండా చెప్పాలి.

3. క్యాలెండర్ దగ్గర పెట్టుకోండి

ఎర్లీ డెసిషన్‌ను (ముందుగా ఒకే ఒక్క స్కూలుకు దరఖాస్తు చేసే పద్ధతి) పక్కనపెడితే, ఎండీ స్కూళ్లు అక్టోబర్ 15 కంటే ముందు సీటు ఖాయం చేయవు. ఆ తర్వాత చాలా స్కూళ్లు విడతలవారీగా ఆఫర్లు ఇస్తూ పోతాయి. అమెరికా మెడికల్ కాలేజీల సంఘమైన ఏఏఎంసీ మార్గదర్శకాల ప్రకారం, మార్చి 15 నాటికి కనీసం తమ క్లాసులో ఉన్నన్ని సీట్లకు ఆఫర్లు పంపి ఉండాలి. ఏప్రిల్ 30 నాటికి విద్యార్థులు తమ దగ్గరున్న ఆఫర్లలో ఒకదాన్నే ఉంచుకోవాలి. వెయిట్‌లిస్ట్ ఎక్కువగా కదిలేది ఆ రోజుల్లోనే. టెక్సస్ స్కూళ్లలో చాలావాటికి వేరే అప్లికేషన్, వేరే తేదీలు ఉంటాయి.

4. హోల్డ్‌లోనో వెయిట్‌లిస్ట్‌లోనో పెడితే

హోల్డ్ అంటే మీ ఫైల్ మళ్లీ చర్చకు రావచ్చని. వెయిట్‌లిస్ట్ అంటే ఎవరైనా సీటు వదులుకుంటే మీకు పిలుపు రావచ్చని. ముందుగా ఆ స్కూలు కొత్త వివరాలు తీసుకుంటుందో లేదో చూడండి. వద్దంటే పంపకండి, సూచనలు పాటించరన్న ముద్ర పడుతుంది.

తీసుకుంటామంటే ఒక్క పేజీ చాలు. ‘మీ స్కూలంటే నాకెంతో ఇష్టం’ అని పేజీ నింపితే కమిటీకి కొత్తగా తెలిసేదేమీ ఉండదు. ‘ఇంటర్వ్యూలో నేను చెప్పిన ఉచిత క్లినిక్‌లో ఇప్పుడు కొత్త వాలంటీర్లకు శిక్షణ ఇచ్చే పని నాకు అప్పగించారు’ అని రాస్తే తెలుస్తుంది.

సీటిస్తే తప్పకుండా చేరతానని రాసే లెటర్ ఆఫ్ ఇంటెంట్ ఒక్క స్కూలుకే పంపాలి. ఇద్దరికి అదే మాట ఇవ్వడం అబద్ధం. వైద్యవృత్తిలోకి అడుగుపెట్టేవారు ఆ పని చేయకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

5. ఆఫర్ వచ్చాక

చేరనని తేలిన స్కూళ్లకు వెంటనే చెప్పేయండి. మీరు పట్టుకుని కూర్చున్న సీటు కోసం అక్కడ ఇంకొకరు ఎదురుచూస్తుంటారు. ఏఏఎంసీ సైట్‌లో ‘ప్లాన్ టు ఎన్‌రోల్’ నొక్కినా మిగతా వెయిట్‌లిస్టుల్లో కొనసాగవచ్చు. ‘కమిట్ టు ఎన్‌రోల్’ నొక్కితే మాత్రం మిగతా ఆఫర్లు, వెయిట్‌లిస్టులు అన్నీ వదులుకోవాలి, కాబట్టి స్కూలు పెట్టిన గడువు చూసుకుని నొక్కండి. సాధారణంగా ఆఫర్‌కు షరతులుంటాయి. మిగిలిన కోర్సులు పూర్తి చేయాలి, నేర చరిత్ర తనిఖీలో ఇబ్బంది రాకూడదు. చివరి సెమిస్టర్‌ను తేలిగ్గా తీసుకోవద్దు.

6. రాలేదంటే

కొన్ని స్కూళ్లు సీజన్ ముగిశాక, అడిగినవారికి ఫైల్‌లో ఏది తక్కువైందో చెబుతాయి. మర్యాదగా ఒక మెయిల్ పెట్టి అడగండి. చెప్పింది వాదించకుండా రాసుకోండి. ఆ లోటు తీరకముందే అదే అప్లికేషన్ మళ్లీ పంపకండి, ఒక ఏడాది ఆగినా ఫరవాలేదు.