మధుమేహంతో దెబ్బతిన్న కాలేయానికి మూలికలు వాడే పద్ధతి

ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు కాలేయం మిగులు చక్కెరను కొవ్వుగా మార్చి తనలో నిలవ చేసుకుంటుంది. ఆ కొవ్వు కొందరిలో వాపుకు, ఆపై ఫైబ్రోసిస్‌కు (కాలేయంలో మచ్చల కణజాలం పేరుకోవడం), చివరికి సిర్రోసిస్‌కు (ఆ మచ్చలతో కాలేయం గట్టిపడిపోవడం) దారితీస్తుంది. అందువల్ల ఏ మూలికనైనా మొదలుపెట్టే ముందు కాలేయం ఏ దశలో ఉందో తెలుసుకోవాలి. ఎంజైములు మామూలుగా ఉన్నా లోపల ఫైబ్రోసిస్ ఉండవచ్చు కనుక ఏఎల్‌టీ, ఏఎస్‌టీ అనే కాలేయ ఎంజైములు, ప్లేట్‌లెట్లు, మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్షలు చేయించుకొని, వైద్యునితో ఫైబ్రోసిస్ ముప్పును అంచనా వేసే ఫిబ్-4 స్కోరు లెక్కగట్టించుకోవాలి. 65 ఏళ్లలోపువారిలో అది 1.3 దాటితే కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ వంటి పరీక్ష అవసరమవుతుంది.

మూలికలలో ఎక్కువగా పరిశోధించినది మిల్క్ తిసిల్ గింజల నుంచి తీసే సిలిమరిన్. కొన్ని అధ్యయనాలలో అది ఏఎల్‌టీని కొంత తగ్గించింది కానీ, ఫైబ్రోసిస్‌ను మాన్పుతుందని రుజువు కాలేదు. పసుపులోని కర్కుమిన్ విషయంలోనూ చిన్న అధ్యయనాల ఫలితాలు ఆశాజనకంగానే ఉన్నాయి. అయితే వంటలో వేసే పసుపు వేరు, గాఢత పెంచిన మాత్ర వేరు. సీసాపై చిన్న అక్షరాలలో పైపరిన్ లేదా మిరియాల సారం అని ఉంటే, కర్కుమిన్ రక్తంలోకి మరింతగా చేరేందుకే దానిని కలిపారని గ్రహించాలి. అటువంటి మాత్రల వల్ల కొందరికి తీవ్రమైన హెపటైటిస్ (కాలేయ వాపు) వచ్చిన ఉదాహరణలు వైద్య పత్రికలలో నమోదయ్యాయి. గ్రీన్ టీ సారంలోని ఈజీసీజీ అనే పదార్థం రోజుకు 800 మిల్లీగ్రాములకు చేరితే కాలేయ ఎంజైములు పెరగవచ్చు. తిప్పతీగతో కూడా కాలేయం దెబ్బతిన్నవారున్నారు కాబట్టి, ఆటోఇమ్యూన్ వ్యాధులు (రోగనిరోధక శక్తి సొంత శరీరంపైనే దాడి చేసేవి) ఉన్నవారు దాని జోలికి వెళ్లకపోవడమే నా దృష్టిలో క్షేమం. కొన్ని మొక్కల వేళ్లు, బెరడు నుంచి తీసే బెర్బెరిన్ రక్తంలో చక్కెరను తగ్గిస్తుంది. గర్భిణులు మాత్రం దానిని వాడకూడదు.

వైద్యుడు సరేనన్న తరువాత ఒకసారికి ఒకే మూలికను తీసుకోవాలి. పది దినుసుల మిశ్రమం వాడితే మేలు చేసినదేదో, కీడు చేసినదేదో తేలదు. ఇన్సులిన్ లేదా గ్లిమెపిరైడ్ అనే మధుమేహం మాత్ర వాడేవారికి మెంతులు, బెర్బెరిన్ వంటివి తోడైతే రక్తంలో చక్కెర డెసీలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే దిగువకు పడిపోవచ్చు కనుక, మొదటి వారాలలో గ్లూకోమీటరుతో తరచుగా చూసుకోవాలి. మధుమేహం మందులను సొంతంగా ఆపరాదు. అధిక బరువున్నవారిలో 5 శాతం బరువు తగ్గితే కాలేయంలోని కొవ్వు, 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు కూడా తగ్గే అవకాశముంది. ఇంత బలమైన ఆధారం ఏ మూలికకూ లేదు.

ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఎంజైములను మళ్లీ పరీక్షించి, పెరిగితే మూలికను మానాలి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, ఒళ్లంతా దురద పుట్టినా పరీక్ష తేదీ కోసం వేచి ఉండకుండా, ఆ రోజే వాడకం ఆపి, లేబుల్ ఉన్న సీసాతో సహా వైద్యుని వద్దకు వెళ్లాలి.