పాత డీజిల్ కారులో కొత్త చప్పుడు: ఇంజన్ విప్పించే ముందు చూడాల్సినవి

డీజిల్ ఇంజన్ ఎలాగూ నిశ్శబ్దంగా ఉండదు. రోజూ నడిపేవాళ్ల చెవికి ఆ మోత అలవాటైపోతుంది. అందుకే ఒకరోజు అందులో కొత్త చప్పుడు కలిస్తే ముందు తెలిసేది వాళ్లకే. అక్కడి నుంచి చాలా బళ్లు నేరుగా షెడ్డుకు వెళ్తాయి. 'ఇంజన్ పని ఉంది, బోర్ చేయించాలి' అన్న మాట పడగానే ఇంజన్ కిందికి దిగుతుంది. సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ కింద ఒక కాపర్ వాషర్ మార్చితే పోయే చప్పుడుకు ఇంజన్ మొత్తం విప్పించడం అన్యాయం. ఏ చప్పుడు ఎక్కడిదో తేల్చే పరీక్షల్లో చాలావరకు ఇంటి ముందే చేసుకోవచ్చు.

ఉదాహరణకు మన రోడ్ల మీద ఇప్పటికీ బాగా కనిపించే 1.3 లీటర్ల డీజిల్‌ను తీసుకుందాం. ఫియట్ రూపొందించిన ఈ 1248 సీసీ ఇంజన్ స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, ఇండికా విస్టా, పుంటోల్లో వచ్చింది. నాలుగు సిలిండర్లు, కామన్ రైల్ నాజిళ్లు (అన్నిటికీ ఒకే హై ప్రెషర్ పైపు నుంచి డీజిల్ అందేవి), క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) నుంచి క్యామ్‌ను (వాల్వులను తెరిచే ఇరుసు) తిప్పే టైమింగ్ చైన్, వాల్వుల దగ్గరి ఖాళీని ఆయిల్‌తో పూడ్చే హైడ్రాలిక్ టాపెట్లు ఉంటాయి. వేరే బండైనా పద్ధతి ఇదే. తేడా ఉన్నచోట చెబుతాం.

ముందు ఒక హెచ్చరిక. చప్పుడుతో పాటు ఎర్ర ఆయిల్ లైటు కూడా వెలిగితే ఇక పరీక్షలేమీ వద్దు. వెంటనే ఇంజన్ ఆపి, బండిని తాడు కట్టి లాగించుకోండి. ఆయిల్ ప్రెషర్ లేకుండా ఒక్క కిలోమీటరు నడిపినా క్రాంక్ పోవచ్చు.

మొదట ఆయిల్

బండిని చదును నేల మీద ఆపి, పది నిమిషాలాగి డిప్‌స్టిక్ తీయండి. మట్టం కింది గీత దగ్గరుంటే టాపెట్లు, చైన్‌ను బిగించి ఉంచే టెన్షనర్ రెండూ చప్పుడు చేస్తాయి. రెండూ ఆయిల్ ప్రెషర్ మీదే బిగుతుగా నిలబడేవి. సరైన గ్రేడ్ ఆయిల్ పై గీత దాకా పోసి మళ్లీ వినండి. మట్టం పై గీత దాటి, ఆయిల్ పల్చగా ఉండి డీజిల్ వాసన వస్తుంటే మాత్రం ఏదో నాజిల్ కారుతోంది, డీజిల్ కిందికి దిగుతోంది. అలాంటి బండిని నడపకండి. పల్చబడ్డ ఆయిల్ బేరింగులను కాపాడలేదు.

డిప్‌స్టిక్ మీది చుక్కను తెల్ల కాగితం మీద రాసి ఎండలో చూడండి. డీజిల్ ఇంజన్ ఆయిల్ నల్లగా ఉండటం మామూలే. నలుపులో వెండి పొడిలా మెరిస్తే, ఆయిల్ మార్పించి పాత ఫిల్టర్‌ను కోసి దాని మడతలు చూడాలి. అయస్కాంతానికి అంటుకునే పొడి చైన్, క్యామ్, రింగుల వంటి ఇనప భాగాలది. మెరుస్తూ కూడా అంటుకోకపోతే బేరింగు షెల్స్‌ను (క్రాంక్‌కు ఆనే పలుచటి రేకులను) అనుమానించాలి.

ఎప్పుడు వస్తోంది, ఎంత వేగంగా వస్తోంది

చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందన్న దాని కంటే ఎప్పుడు వస్తోందన్నదే ఎక్కువ చెబుతుంది. ఇంజన్ బేలో చప్పుడు ఇనుము వెంట పాకి ఎక్కడెక్కడో వినిపిస్తుంది, సమయం మాత్రం మోసం చేయదు. పొద్దున్నే చల్లటి ఇంజన్ మీదా, వేడెక్కాకా? స్లోలోనా (యాక్సిలరేటర్ తొక్కకుండా ఉన్నప్పుడు), ఎక్కేటప్పుడా, యాక్సిలరేటర్ వదిలినప్పుడా? క్లచ్ తొక్కితే, ఏసీ వేస్తే మారుతోందా? ఈ నాలుగు జవాబులూ కాగితం మీద రాసుకోండి.

తర్వాత ఫోన్‌లో రికార్డు చేయండి. స్లోలో ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతుందనుకుంటే క్రాంక్ సెకనుకు 13 చుట్లు, క్యామ్ అందులో సగం, అంటే ఆరేడు చుట్లు తిరుగుతుంది. రికార్డింగ్‌ను పావు వేగంతో వినిపించండి. సెకనుకు రెండు దెబ్బల లోపు వినిపిస్తే అది క్యామ్ వేగం: టాపెట్, రాకర్, వాక్యూమ్ పంపు, లేదా ఒక్క నాజిల్. దానికి రెట్టింపు వినిపిస్తే క్రాంక్ వేగం: పుల్లీ, ఫ్లైవీల్, బిగ్‌ఎండ్ బేరింగ్ (పిస్టన్ కడ్డీ క్రాంక్‌ను పట్టుకునే చోటిది). ఇంజన్ వేగంతో సంబంధం లేకుండా వచ్చిపోయేదైతే బయటి రేకు, హీట్ షీల్డ్, వదులైన క్లాంపు. ముందు వాటిని చేత్తో కదిపి చూడండి.

చోటు పట్టుకోవడానికి పొడవాటి స్క్రూడ్రైవర్ చాలు. పిడిని చెవి ఎముకకు ఆనించి, కొనను డైనమో, వాటర్ పంపు, హెడ్డు, చైన్ కవర్, ఆయిల్ చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) మీద ఒక్కొక్కటిగా పెట్టండి. గాలి చప్పుళ్లకు స్క్రూడ్రైవర్ పనికిరాదు. ఒక మీటరు రబ్బరు పైపు ఒక కొస చెవి దగ్గర, రెండో కొస అనుమానమున్న చోట పెట్టాలి. చున్నీ, కండువా, వదులు చేతులు బెల్టుకు దూరంగా ఉంచండి. రేడియేటర్ ఫ్యాను చెప్పకుండా తిరుగుతుంది.

బెల్టు చప్పుళ్లు

కీచుమని అరిస్తే బెల్టు మీద గరిటెడు నీళ్లు చల్లండి. అరుపు ఇంకా పెరిగితే బెల్టు వదులుగా ఉంది. కాసేపు ఆగి మళ్లీ మొదలైతే పుల్లీలు ఒక వరసలో లేవు, లేదా బెల్టు గాడులు అరిగాయి. గరగరమనేది బేరింగు. ఇంజన్ ఆపి బెల్టు తీసి, పుల్లీలను ఒక్కొక్కటిగా చేత్తో తిప్పితే గరుకు వేళ్లకే తెలుస్తుంది. బెల్టు లేకుండా ఇంజన్ వేసి చూడాలంటే అర నిమిషం మించొద్దు. ఈ ఇంజన్‌లో వాటర్ పంపు కూడా ఆ బెల్టుతోనే తిరుగుతుంది.

నాజిల్: ఎక్కువగా దొరికే దొంగ

'టక్ టక్' అని గట్టిగా, పదునుగా, సుత్తితో కొట్టినట్టు ఒకే సిలిండర్ దగ్గర వస్తూ, యాక్సిలరేటర్ తొక్కగానే పెరిగితే నాజిళ్లను పరీక్షించండి. ఇంజన్ ఆపండి. ఒక నాజిల్ కరెంటు సాకెట్ తీసి, మళ్లీ స్టార్ట్ చేసి పది సెకన్లు వినండి. ఆపి, సాకెట్ పెట్టి, తర్వాతి నాజిల్‌కు వెళ్లండి. నడుస్తుండగా సాకెట్ లాగొద్దు, అక్కడ షాక్ కొట్టేంత వోల్టేజీ ఉంటుంది. ఏ సాకెట్ తీస్తే టకటక ఆగిపోతుందో ఆ సిలిండర్‌లోనే సంగతుంది. ఏదైనా ఒక సాకెట్ తీసినప్పుడు ఇంజన్ ఊపులో తేడా రాకపోతే ఆ సిలిండర్ ముందునుంచే పని చేయడం లేదు.

పాత మెకానిక్‌లు నాజిల్ పైపు నట్టు వదులు చేసి ఇదే పరీక్ష చేసేవారు. అది పాత పంపు ఇంజన్ల కాలపు పద్ధతి. కామన్ రైల్‌లో ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. పైపులో ప్రెషర్ వెయ్యి బార్లు దాటుతుంది. సన్నటి డీజిల్ ధార చర్మంలోకి సూదిలా దిగుతుంది. చూడటానికి చిన్న గాయమే, కానీ వేలు తీసేయాల్సి రావచ్చు. అలా జరిగితే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

అసలు నాజిల్ పోయిందా, కారుతోందా తేల్చడానికి రిటర్న్ పరీక్ష ఉంది. నాలుగు నాజిళ్ల రిటర్న్ పైపులు (మిగిలిన డీజిల్ వెనక్కి వెళ్లేవి) తీసి, ఒకే సైజు ఉన్న నాలుగు చిన్న సీసాల్లోకి పెట్టి, రెండు నిమిషాలు స్లోలో నడపండి. నాలుగింటిలో దాదాపు సమానంగా చేరాలి. ఒక సీసా మిగతావాటికి రెండింతలు నిండితే ఆ నాజిల్ లోపల అరిగింది. స్కానర్ ఉంటే సిలిండర్‌వారీ కరెక్షన్ విలువలు చూడండి. మూడు సున్నా దగ్గరుండి ఒకటి దూరంగా ఉంటే ఈ పరీక్షతో పోల్చుకోండి. కొత్త నాజిల్ వేసినప్పుడు దాని మీది కోడ్‌ను ఈసీఎంలో (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌లో) రాయించాలి. రాయకుండా వదిలేస్తే మంచి నాజిల్ కూడా టకటకమంటుంది.

'తుస్ తుస్' అని ఆవిరింజన్‌లా వస్తూ, నాజిల్ మొదట్లో తారులాంటి నల్లటి గట్టి మడ్డి కనిపిస్తే కాపర్ వాషర్ పోయింది. గ్యాస్ పైకి తన్నుతోంది. నాజిల్ తీసి, కూర్చునే చోటును శుభ్రం చేసి, కొత్త వాషర్ వేయాలి. పాతదాన్ని కాల్చి మళ్లీ వేయడం తాత్కాలికం. ఆలస్యం చేస్తే మడ్డి గట్టిపడి నాజిల్ ఊడి రాదు, హెడ్డు దించాల్సి వస్తుంది.

నాలుగు సిలిండర్లూ ఒక్కసారిగా మోతెక్కితే నాజిళ్లను తప్పుపట్టకండి. డీజిల్ లైన్‌లోకి గాలి చేరిందేమో చూడండి. ఫిల్టర్ తర్వాత ఒక అడుగు పారదర్శకమైన పైపు కలిపితే బుడగలు కనిపిస్తాయి. ఫిల్టర్ సీలు, ప్రైమర్ పంపు, ఎలుకలు కొరికిన పైపు, ఈ మూడింటిలో ఒకటి ఉంటుంది. అలాగే ఫిల్టర్ అడుగున నీళ్లు వదిలి చూడండి.

చైన్, టాపెట్లు

రాత్రంతా నిలిపిన బండి పొద్దున్న రెండు మూడు సెకన్లు టిక్ టిక్ అని మానేస్తే అది టాపెట్లలోంచి దిగిన ఆయిల్ మళ్లీ ఎక్కడం. కంగారు అక్కర్లేదు. నిమిషం దాటినా ఆగకపోతే ఆయిల్, ఫిల్టర్ మార్చి చూడాలి. నాసిరకం ఫిల్టర్ వేస్తే ఇది తరచూ వస్తుంది.

చైన్ చప్పుడు వేరు. వదులైన సైకిల్ చైన్ కవర్‌కు కొట్టుకున్నట్టు గలగలమంటుంది. గేర్‌బాక్స్ లేని వైపు, చైన్ కవర్ మీద స్క్రూడ్రైవర్ పెడితే స్పష్టంగా తెలుస్తుంది. మొదట చల్లటి స్టార్ట్‌లో, తర్వాత యాక్సిలరేటర్ వదిలినప్పుడు, చివరికి ఎప్పుడూ. దీన్ని వాయిదా వేయకండి. చైన్ ఒక పన్ను జారితే పిస్టన్లు వాల్వులను కొడతాయి. చైన్, టెన్షనర్, గైడ్లు, స్ప్రాకెట్లు అన్నీ కలిపి మార్చాలి. క్యామ్‌నూ క్రాంక్‌నూ లాకింగ్ పిన్నులతో కట్టి బిగించాలి, మార్కర్ గీతల మీద ఆధారపడకూడదు. అనుమానమున్నంతకాలం బండిని తోసి స్టార్ట్ చేయకండి, గేర్‌లో ఉంచి వెనక్కి జారనీయకండి. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు టెన్షనర్‌కు ఆయిల్ పట్టు ఉండదు.

గాలి, టర్బో, క్లచ్

ఎక్కేటప్పుడు బుస్సుమంటూ, నల్ల పొగతో, లాగుడు తగ్గితే, టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టేది) నుంచి గాలి తెచ్చే ఇంటర్‌కూలర్ హోస్ చీలింది. ఆయిల్‌తో తడిసిన చోటే చీలిక. చల్లగా ఉన్నప్పుడు టిక్ టిక్ అని, వేడెక్కాక మాయమైతే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ప్యాకింగ్. పక్కన మసి గీత ఉంటుంది. టర్బో సైరన్‌లా అరిస్తే ఇంజన్ చల్లారాక హోస్ తీసి షాఫ్ట్ పట్టుకోండి. పక్కలకు కొద్దిగా కదలడం మామూలే. ముందుకూ వెనక్కూ కదిలినా, రెక్కలు గోడకు తగిలినా నడపకూడదు. టర్బో సీలు పూర్తిగా పోతే ఇంజన్ తన ఆయిల్‌నే తాగి, తాళం తీసినా ఆగదు. అప్పుడు పెద్ద గేర్ వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్ ఒక్కసారిగా వదిలి ఇంజన్‌ను చంపాలి.

న్యూట్రల్‌లో క్లచ్ తొక్కితే మోత ఆగితే గేర్‌బాక్స్ లోపలి బేరింగు. తొక్కినప్పుడే మొదలైతే రిలీజ్ బేరింగు.

కింది నుంచి వచ్చే లావు దెబ్బ

ఆయిల్ చాంబర్ దగ్గర 'ధన్ ధన్' అని లావుగా, వేడెక్కేకొద్దీ పెరిగే దెబ్బ బిగ్‌ఎండ్ బేరింగుది కావచ్చు. నాజిల్ సాకెట్ తీసినప్పుడు ఇది కూడా తగ్గుతుంది కాబట్టి ఆ పరీక్ష ఒక్కటే చాలదు. నాజిల్ దెబ్బ పైన పదునుగా, చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ. బేరింగు దెబ్బ కింద మందంగా, వేడిలో ఎక్కువ. ఆయిల్ ప్రెషర్ స్విచ్ స్థానంలో ప్రెషర్ గేజ్ పెట్టించండి. చాలా ఇంజన్లకు బాగా వేడెక్కాక స్లోలో ఒక బార్ దగ్గరైనా ఉండాలి.

ఇక్కడే క్రాంక్ పుల్లీ మోసం చేస్తుంది. చాలా డీజిళ్లలో ఆ పుల్లీ లోపలి చక్రానికీ బయటి రింగుకూ మధ్య రబ్బరు ఉంటుంది. అది చిరిగితే అచ్చం బేరింగు పోయినట్టే కొడుతుంది. ఇంజన్ ఆపి, మధ్య నుంచి అంచు దాకా ఒక సుద్ద గీత గీయండి. కాసేపు నడిపి ఆపి చూడండి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగితే రబ్బరు వదిలింది, ఇంజన్‌కు ఏమీ కాలేదు.

గీత చెక్కుచెదరక, ప్రెషరూ తక్కువుండి, ఆయిల్‌లో మెరుపూ ఉంటేనే ఇంజన్ మాట. అప్పుడైనా ఇంజన్ దించే ముందు ఆయిల్ చాంబర్ విప్పించి, అనుమానమున్న సిలిండర్ బిగ్‌ఎండ్ క్యాప్ ఒక్కటి తీయించి దగ్గరుండి చూడండి. షెల్ బూడిద రంగులో నున్నగా ఉంటే చప్పుడు ఇంకెక్కడో ఉంది. రాగి రంగు తేలితే బేరింగు అయిపోయింది. ఆ పక్కనే క్రాంక్ జర్నల్ (బేరింగు కూర్చునే నున్నటి భాగం) మీద గోరు గీసి చూడండి, గీత తగిలితే క్రాంక్ కొలిపించి గ్రైండ్ చేయించాకే కొత్త షెల్స్ వేయించాలి.