మొదటి జెల్‌కు ముందు పిపెట్ నేర్చుకోండి

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గానీ, విశాఖలోని మరో కాలేజీలో గానీ ఎమ్మెస్సీ బయోటెక్నాలజీలో చేరినవాళ్లు డీఎన్‌ఏ జోలికి వెళ్లే ముందు రెండు రోజులు నీళ్లతోనే సాధన చెయ్యండి. జెల్ (డీఎన్‌ఏ ముక్కలను సైజును బట్టి విడదీసే జెల్లీ పలక) మీద బ్యాండ్లు (ఆ ముక్కల గీతలు) సరిగా రాకపోతే డీఎన్‌ఏను తప్పుపడతాం గానీ, లోపం చాలాసార్లు చేతిలోనే ఉంటుంది.

పిపెట్‌ను (కొద్దిపాటి ద్రవాన్ని కొలిచి పీల్చి వదిలే పరికరం) 100 మైక్రోలీటర్లకు తిప్పి, త్రాసు మీద పెట్టిన చిన్న ట్యూబులోకి పదిసార్లు నీళ్లు వదలండి. ప్రతిసారీ బరువు సుమారు 100 మిల్లీగ్రాములు పెరగాలి. పదిసార్లూ ఒకేలా తక్కువ చూపిస్తే పిపెట్‌కు కాలిబ్రేషన్ (కొలత సరిచేయడం) కావాలి. ఒకసారి 92, ఇంకోసారి 105 వస్తుంటే మీ చెయ్యి ఇంకా కుదరలేదన్నమాట.

బొటనవేలితో మీటను మొదటి స్టాప్ (నొక్కుతుంటే మొదట అడ్డు తగిలే చోటు) దాకా నొక్కాకే టిప్‌ను (పిపెట్ చివర తొడిగే ప్లాస్టిక్ మొన) రెండు మూడు మిల్లీమీటర్లు ముంచాలి. మెల్లగా వదిలి, ఒక సెకను ఆగి, అప్పుడు పైకి తీయాలి. రెండో స్టాప్ బయటకు వదిలేటప్పుడు మాత్రమే. పీల్చేటప్పుడే అక్కడిదాకా నొక్కితే ద్రవం ఎక్కువ వస్తుంది. కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు ఇదే.

ఇక జెల్. 50ఎక్స్ టీఏఈ స్టాక్ (వాడేదానికి యాభై రెట్లు చిక్కనైన బఫర్, అంటే కరెంటును మోసే ద్రావణం) 20 మిల్లీలీటర్లకు 980 మిల్లీలీటర్ల నీళ్లు కలిపితే 1ఎక్స్ బఫర్. అందులో 50 మిల్లీలీటర్లకు అర గ్రాము అగరోజ్ (జెల్‌గా గడ్డకట్టే పొడి) వేస్తే 1 శాతం జెల్. 250 మిల్లీలీటర్ల ఫ్లాస్కు తీసుకోండి, చిన్నదైతే పొంగిపోతుంది. మైక్రోవేవ్‌లో కాసేపు పెట్టడం, తీసి తిప్పడం, ఒక్క గింజ కూడా కనబడకుండా పోయేదాకా ఇంతే. 60 డిగ్రీలకు చల్లారాక పోయండి, మరీ వేడిగా పోస్తే ట్రే వంగుతుంది. కోంబ్ (జెల్‌లో వెల్స్, అంటే శాంపిల్ పోసే గుంటలు, చేసే దువ్వెన) పళ్లు ట్రే అడుగుకు తగలకూడదు. తగిలితే వెల్‌కు అడుగు ఉండదు, శాంపిల్ కిందికి జారిపోతుంది. అరగంటలో గట్టిపడుతుంది. మే నెలలో, ఏసీ లేని గదిలో ఇంకాస్త ఆగండి.

మొదటి జెల్‌లో డీఎన్‌ఏ వద్దు. 5 మైక్రోలీటర్ల నీళ్లకు 1 మైక్రోలీటరు 6ఎక్స్ లోడింగ్ డై (శాంపిల్‌కు రంగూ బరువూ ఇచ్చే ద్రావణం) కలిపి వెల్స్ నింపడం సాధన చెయ్యండి. టిప్ కొన వెల్ నోట్లోకి కొద్దిగా దిగితే చాలు, డైలోని గ్లిసరాల్ బరువుకు ద్రవం దానంతటదే అడుక్కి చేరుతుంది. టిప్ బయటకు వచ్చేదాకా బొటనవేలు వదలకండి, వదిలితే పోసినదంతా వెనక్కి లాగేస్తుంది.

డీఎన్‌ఏ రుణావేశం కలది, కరెంటు పెడితే ధన ధ్రువం వైపు కదులుతుంది కాబట్టి వెల్స్ నల్ల (రుణ ధ్రువం) వైరు వైపు ఉండాలి. ఎలక్ట్రోడ్ల మధ్య 15 సెంటీమీటర్లుంటే 75 వోల్టులు పెట్టండి. తొందరపడి పెంచితే జెల్ నడుమ వేడెక్కి బ్యాండ్లు వంగుతాయి. స్విచ్ వేసినా తీగల దగ్గర బుడగలు రాకపోతే కరెంటు పారడం లేదు. ట్యాంకులో బఫర్‌కు బదులు నీళ్లు పోశారేమో చూడండి.

విశాఖలో ప్రత్యేకంగా గుర్తుంచుకోవాల్సింది సముద్రపు తేమ. మైనస్ 20 ఫ్రీజర్ నుంచి తీయగానే ట్యూబులకు చెమట పడుతుంది, పేర్లు చెరిగిపోతాయి. ఆల్కహాల్‌కూ చెరగని మార్కర్‌తో మూత మీదా పక్కనా రాయండి. తెరిచే ముందు తుడిచి, సెంట్రిఫ్యూజ్‌లో కొన్ని సెకన్లు తిప్పండి.