ట్యాక్స్ లా చదువు మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

విశాఖలో లా, సీఏ చదువుతూ ట్యాక్స్ ప్రాక్టీసు వైపు వెళ్దామనుకునేవారు ముందు ఇవి చూసుకోండి.

• పుస్తకం ఏ చట్టానిదో చూసి కొనండి. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం, 2025 అమలవుతోంది. సీనియర్లు సగం ధరకిచ్చేవి చాలావరకు 1961 చట్టానివే. అలాగని పారేయకండి, పాత సంవత్సరాల అసెస్‌మెంట్లు (శాఖ పన్ను లెక్క తేల్చడం), అప్పీళ్లు దాని కిందే నడుస్తాయి. 2025-26 ఆదాయానికి 2026లో వేసే రిటర్నుకీ పాత చట్టమే. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. కొత్త చట్టంలో ‘అసెస్‌మెంట్ ఇయర్’ (ఆదాయం వచ్చిన ఏడాది తర్వాతి ఏడాది) లేదు, ఆదాయం వచ్చిన ఏడాదినే చెప్పే ‘ట్యాక్స్ ఇయర్’ ఒక్కటే. రెండు చట్టాల సెక్షన్ నంబర్లను ఒకే నోట్సులో కలిపేయొద్దు. పక్కపక్కన రెండు గళ్లు గీసి రాసుకోండి.

• జీఎస్టీ రేట్ల పట్టిక 2025 సెప్టెంబర్ 22కి ముందుదైతే పక్కన పెట్టేయండి, ఆ రోజు నుంచి రేట్లు మారాయి.

• గడువులు కంఠతా రావాలి. జీఎస్టీ మొదటి అప్పీలుకు ఆర్డరు అందిన రోజు నుంచి 3 నెలలు. వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం ముందే కట్టాలి. 1961 చట్టం కింద కమిషనర్ (అప్పీల్స్) దగ్గరైతే 30 రోజులే. నోటీసు పోర్టల్లో పడి ఉంటుంది, క్లయింటు చూడడు. గడువు దాటేది అందుకే.

• ఐటీఏటీ (ఆదాయపు పన్ను అప్పీళ్ల ట్రిబ్యునల్) బెంచ్ మన ఊళ్లోనే ఉంది. గైడ్ల కంటే ముందు దాని ఆర్డర్లు నాలుగైదు పూర్తిగా చదవండి.

• ఆఫీసులో చేరితే క్లయింటు డిజిటల్ సంతకం టోకెన్‌ను ఆయన అనుమతి లేకుండా ముట్టుకోవద్దు, ఎవరు తొందరపెట్టినా సరే.